6.4 లాగిన్ కాగానే నేపథ్య ప్రోగ్రాములను ప్రారంభించడం

లైనక్స్ కంప్యూటర్‌లో అసైన్‌మెంట్‌ను తెలుగులో టైపు చేయబోతే ఇంగ్లీషు అక్షరాలే వస్తున్నాయనుకోండి. కీబోర్డు చెడిపోయిందని కంగారు పడనవసరం లేదు. మీరు నొక్కే కీలను తెలుగు అక్షరాలుగా మార్చే ఐబస్ అనే నేపథ్య ప్రోగ్రాము ప్రారంభం కాకపోయి ఉండవచ్చు. గ్నోమ్ డెస్క్‌టాప్ దీన్ని తనంతట తానే ప్రారంభిస్తుంది. ఎక్స్‌ఎఫ్‌సీఈ వంటి కొన్ని డెస్క్‌టాప్‌లలో మనమే ఏర్పాటు చేయవలసి రావచ్చు. ఆ పద్ధతిని ఈ విభాగంలో తెలుసుకుందాం.

6.4.1 బూట్, సెషన్ – భేదం

కంప్యూటర్‌ను ఆన్ చేసినప్పుడు జరిగేది బూట్. మీరు లాగిన్ అయినప్పుడు మొదలై, లాగౌట్‌తో ముగిసేది సెషన్. నెట్‌వర్క్, ప్రింటింగ్ వంటి సేవలు కంప్యూటర్ మొత్తానికి సంబంధించినవి కాబట్టి ఎవరూ లాగిన్ కాకపోయినా పనిచేస్తాయి. ఐబస్, క్లిప్‌బోర్డు మేనేజర్ వంటివి ఒక వినియోగదారుకు, అతని డెస్క్‌టాప్‌కు సంబంధించినవి. అందుచేత వాటిని సెషన్‌తోపాటు, ఆ వినియోగదారు అనుమతులతోనే ప్రారంభించాలి.

6.4.2 ఆటోస్టార్ట్ ఫోల్డర్లు

ఇందుకోసం ఫ్రీడెస్క్‌టాప్ డాట్ ఆర్గ్ రూపొందించిన ప్రమాణం 'ఎక్స్‌డీజీ ఆటోస్టార్ట్'. దీని ప్రకారం డెస్క్‌టాప్ సాధారణంగా రెండు చోట్ల వెతుకుతుంది.

అ) ఈటీసీ ఫోల్డర్‌లోని ఎక్స్‌డీజీలో ఉన్న ఆటోస్టార్ట్: ఇది వినియోగదారులందరికీ వర్తిస్తుంది. మార్చడానికి అడ్మినిస్ట్రేటర్ అనుమతి కావాలి.

ఆ) మీ హోమ్ ఫోల్డర్‌లోని డాట్ కాన్ఫిగ్‌లో ఉన్న ఆటోస్టార్ట్: ఇది మీకు మాత్రమే వర్తిస్తుంది.

రెండు చోట్లా ఒకే పేరుతో ఫైలు ఉంటే మీ ఫోల్డర్‌లోనిదే చెల్లుతుంది.

6.4.3 ఫైలులో ఏముంటుంది?

ఫైలు పేరు 'డాట్ డెస్క్‌టాప్'తో ముగియాలి. మొదటి వరుసలో చదరపు బ్రాకెట్ల మధ్య 'డెస్క్‌టాప్ ఎంట్రీ' అని ఉండాలి. ఆ కింది వరుసలు ఇవి (ఫైలులో వీటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయాలి):

• టైప్ – విలువ 'అప్లికేషన్'.
• నేమ్ – ప్రోగ్రాము పేరు.
• ఎగ్జెక్ – నడపవలసిన ఆదేశం.
• హిడెన్ – దీని విలువ 'ట్రూ' అయితే ఆ ఫైలు లేనట్టే లెక్క.

చివరి వరుస ఎంతో ఉపయోగకరం. అందరికీ ప్రారంభమయ్యే ఒక ప్రోగ్రాము మీకు అక్కరలేకపోతే, అదే పేరుతో మీ ఫోల్డర్‌లో ఒక ఫైలు పెట్టి హిడెన్‌ను 'ట్రూ' చేయండి. అది మీ సెషన్‌లో ఆగిపోతుంది, ఇతరులకు మాత్రం యథాప్రకారం నడుస్తుంది.

6.4.4 తరచుగా జరిగే పొరపాట్లు

1. ఆదేశాన్ని బాష్‌ఆర్‌సీ ఫైలులో రాయడం. ఆ ఫైలు టెర్మినల్ తెరిచిన ప్రతిసారీ నడుస్తుంది. టెర్మినల్ తెరవకపోతే ప్రోగ్రాము ప్రారంభం కాదు, నాలుగుసార్లు తెరిస్తే నాలుగుసార్లు ప్రారంభం కావచ్చు.

2. ఎగ్జెక్ వరుసలో హోమ్ ఫోల్డర్‌కు బదులు టిల్డా గుర్తు వాడటం. ఆ గుర్తును విడమరిచేది షెల్. ఎగ్జెక్ ఆదేశం షెల్ ద్వారా నడవదు కాబట్టి పూర్తి మార్గాన్ని రాయాలి.

గమనిక: హానికర ప్రోగ్రాములు కూడా ఈ ఫోల్డర్‌ను వాడుకోగలవు. అందులో మీకు తెలియని ఫైలు కనిపిస్తే దాని ఎగ్జెక్ వరుసను తప్పక పరిశీలించండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. బూట్‌కూ సెషన్‌కూ గల భేదమేమిటి?

2. అక్కాతమ్ముళ్లు ఒకే కంప్యూటర్‌ను వేర్వేరు ఖాతాలతో వాడుతున్నారు. తమ్ముడు తన ఆటోస్టార్ట్ ఫోల్డర్‌లో ఐబస్ ఫైలు పెట్టుకున్నాడు. అక్క లాగిన్ అయినప్పుడు ఆ ఫైలు పనిచేస్తుందా? కారణం రాయండి.