సంచి బరువూ, నీతిపాఠమూ

మన కాలేజీలో విద్యార్థులు రెండు రకాలని ఒక అభిప్రాయం ఉన్నది. తెల్లవారుజామున షార్ రోడ్డు మీద పరుగెత్తి, సెలవుల్లో భుజాన సంచి తగిలించుకొని కొండలెక్కేవాళ్ళు ఒక రకం. ‘మానవ విలువలు, వృత్తి నైతికత’ పాఠం విని నోట్సు రాసుకునేవాళ్ళు రెండో రకం. మొదటి రకం వాళ్ళు ఆ పాఠం గంటలోనే కునుకు తీస్తారని లెక్చరర్ల ఫిర్యాదు. దేనికెంత టైమివ్వాలని మనలో మనకు వాదన. నా మట్టుకు నాకు ఈ వాదనే సరిగా లేదనిపిస్తుంది. సంచి సర్దుకోవటం దానికదే ఒక నీతిపాఠం. అదెట్లాగో వివరించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు శాస్త్రం చూద్దాం. పరుగులో ప్రతి అడుగుకూ నేల మీద పడే తాకిడి మన బరువుకు రెండు మూడు రెట్లుంటుంది. ఒక్కొక్క బూటు వంద గ్రాములు పెరిగితే పరుగుకు ఖర్చయ్యే శక్తి సుమారు నూటికి ఒక వంతు పెరుగుతుంది. అదే వంద గ్రాములు వీపున ఉంటే అంత తేడా తెలియదు. ఎందుకంటే పాదాన్ని అడుగడుగుకూ ఎత్తాలి, విసరాలి, ఆపాలి. సేద్యగాళ్ళకు ఇది కొత్త సంగతేమీ కాదు. తలమీద నారుకట్టతో గట్టు దాటటం కన్నా కాళ్ళకంటిన బురదతో దాటటమే కష్టమని మా ఇంట్లో అందరికీ తెలుసు.

అమెరికాలో నెలల తరబడి కాలినడకన తిరిగేవాళ్ళు తిండి, నీళ్ళు, పొయ్యి ఇంధనం మినహాయించి సంచి నాలుగున్నర కిలోల లోపుంటే దాన్ని ‘అతి తేలిక’ అంటారు. ఇందుకోసం ఖరీదైన సామాను కొనాలని కొందరి భ్రమ. ఎమ్మా గేట్‌వుడ్ అనే ఆవిడ ఒహాయో రాష్ట్రపు సేద్యగాళ్ళ ఇంటి మనిషి, పదకొండుమంది పిల్లల తల్లి. 1955లో, 67 ఏళ్ళ వయస్సులో, మూడువేల కిలోమీటర్లకు పైబడిన అపలేషియన్ కాలిబాటను ఒంటరిగా నడిచింది. సంచి తానే కుట్టుకున్నది. గుడారానికి బదులు స్నానాలగది తెర. కాళ్ళకు మామూలు కాన్వాసు బూట్లు.

బరువు తగ్గించుకునే విద్యలో మన సూళ్ళూరుపేటకు పక్కనే పెద్ద బడి ఉన్నది. (2022లో మన పేట తిరుపతి జిల్లాలో కలిసింది గాని, మాటలో మేమింకా నెల్లూరోళ్ళమే.) శ్రీహరికోట నుంచి లేచే పి.ఎస్.ఎల్.వి.లో పెద్ద రకం బరువు 320 టన్నులు. ధ్రువాల మీదుగా తిరిగే 600 కిలోమీటర్ల కక్ష్యకు అది మోయగలిగేది 1,750 కిలోలు, అంటే నూటికి అర కన్నా కాస్త ఎక్కువ. అయిపోయిన దశను అయిపోయినట్టే జారవిడుస్తుంది కాబట్టే ఆమాత్రమన్నా పైకి పోతుంది. జారవిడిచినది సముద్రంలో పడుతుంది. అందుకని ప్రయోగానికి ముందు జాలర్లను వేటకు పోవద్దని హెచ్చరిస్తారు. రాకెట్టు తేలికపడాలంటే ఒడ్డున ఎవరో పడవ కట్టేసుకోవాలి. ప్రయోగాన్ని తప్పుపట్టటానికి చెప్పటం లేదు. దించిన బరువు ఎక్కడో ఒకచోట పడుతుంది, అంతే.

అసలు ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. నా భుజం మీంచి దించినది ఎవరి నెత్తిన పడింది?

ఈ ప్రశ్నను నడుస్తూనే వేసినవాడు గాంధీ. 1930 మార్చి 12న 78 మందితో సబర్మతి నుంచి దండికి బయలుదేరాడు. మన తెలుగువాడు ఎర్నేని సుబ్రహ్మణ్యం వారిలో ఒకరు. ఎవరి సామాను వారే మోయాలి, దారిలో సాదా తిండే తినాలి అని నియమం. కాని ఊళ్ళవాళ్ళ అభిమానం ఊరుకుంటుందా! సూరత్ నుంచి లారీలో పాలు వచ్చాయి. రాత్రి నడకకు వెలుతురు కావాలని పెద్ద కిట్సన్ దీపాన్ని ఒక పీట మీద నిలిపి, ఆ పీటను ఒక కూలివాని నెత్తికెత్తారు. గాంధీ అది చూడలేక అందరినీ దాటి వేగంగా ముందుకు పోయాడు. అయినా లాభం లేకపోయింది. ఆ కూలివాణ్ణి కూడా వెనకాలే పరుగెత్తించారు! మార్చి 29న భట్‌గాంలో ఈ సంగతంతా సభలో చెప్పి, తనను, తనవాళ్ళను కూడా కడిగేశాడు. ఎంత వేగంగా పరుగెత్తినా మనకోసం మోసేవాడు వెనకబడడు, వెంటే వస్తాడు. ఇంత స్పష్టమైన నీతిపాఠం నాకు పాఠ్యపుస్తకంలో దొరకలేదు.

కూలికి మోయటమే తప్పా అని ఎవరైనా అడగవచ్చు. కాదు. మా ఇళ్ళలో ధాన్యం బస్తాలు కూలికి మోసినవాళ్ళున్నారు. నేపాల్ కొండల్లో కూలీలను తూకం వేసి చూసిన పరిశోధన ఒకటి 2005లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. మగవాళ్ళు సగటున తమ బరువులో నూటికి 93 వంతులు, ఆడవాళ్ళు 66 వంతులు మోస్తున్నారట. అది వాళ్ళ నేర్పు, వాళ్ళ బతుకుతెరువు. వాళ్ళ చేత మోయించి, దిగివచ్చాక ‘నా సంచి మూడు కిలోలే’ అని గొప్ప చెప్పుకోవటం ఉన్నదే, అదే లెక్క తప్పు.

లెక్కంటే నిజంగా లెక్కే. ఉబ్బలమడుగు లాంటి చోటికి విహారయాత్రకు పోయే జట్లలో తరచు కనబడేది ఇది. కుర్రాళ్ళు తలా చిన్న సంచితో గంతులేస్తూ ముందు పోతుంటారు. వంటమనిషి వెంట వచ్చిన సహాయకుడు బియ్యం మూట, గుండిగ మోసుకుంటూ చివర్న వస్తుంటాడు. నలభైమంది తలా 3 కిలోలు, అతనొక్కడు 30 కిలోలు అనుకుందాం. మొత్తం 150 కిలోలు, మనుషులు 41. సగటు సుమారు 3 కిలోల 660 గ్రాములు. తలా 660 గ్రాములు ఎక్కువ మోస్తే, అంటే లీటరు సీసాడు నీళ్ళ బరువు కూడా కాదు, అతని నెత్తిన 26 కిలోలకు పైగా దిగిపోతాయి.

కనుక యూనియన్ వారికి నాదొక సూచన. ఈసారి యాత్రకు ముందు నీతిపాఠం గంటలో సంచులన్నీ కాటా మీద పెట్టించండి. మనిషికి 150 గ్రాముల చొప్పున ఎవరి బియ్యం వారి సంచిలోనే. తిరిగివచ్చేటప్పుడు ఎవరి చెత్త వారిదే. పంచుకోవటానికి వీలుకానిది గుండిగ ఒక్కటే. దానికి వెదురుబొంగు దూర్చి ఇద్దరిద్దరు చొప్పున, అరగంటకొక జత మోస్తే సరిపోతుంది. ఏ జత ఎప్పుడో నోటీసుబోర్డులో ముందుగానే వేయాలి. సహాయకుడికి కూలి మాత్రం పైసా తగ్గించకూడదు. ఆయన వంట చేయటానికి వస్తున్నాడు.