అక్వేరియంలోకి కొత్త చేప వచ్చింది.. కొట్లాట ఎందుకు మొదలైంది?

ఈద్‌కు వచ్చిన ఈదీ డబ్బులు కూడబెట్టి పిల్లలు కొనుక్కునే వాటిలో రంగు చేపలు కూడా ఉంటాయి. ఇంట్లో అప్పటికే ఒక గాజు తొట్టి, అందులో నాలుగైదు గప్పీలు, రెండు గోల్డ్‌ఫిష్‌లు ఉన్నాయనుకుందాం. "అబ్బా, గా పెద్ద తలకాయ చేప కావాలె" అని పిల్లాడు పట్టుబడతాడు. షాపాయన "ఏం కాదు భాయ్, కలిసిపోతాయ్" అంటాడు. తెల్లారి చూస్తే గప్పీలు కనిపించవు. గోల్డ్‌ఫిష్ తోక సగం లేదు. పిల్లాడు ఏడుస్తుంటాడు.

ఇందులో ఆ చేప తప్పేం లేదు. తలమీద బుడిపె ఉండే ఆ చేప ఫ్లవర్‌హార్న్. ఇది ఏ నదిలోనూ సహజంగా పుట్టింది కాదు. 1990ల చివర్లో మలేషియాలో అమెరికా ఖండపు సిక్లిడ్ జాతులను కలిపి దీన్ని తయారుచేశారు. 'లక్కీ ఫిష్' అని పేరుపెట్టి అమ్మడం వ్యాపారుల తెలివి. ఆస్కార్, ఆఫ్రికా చేపలు కూడా సిక్లిడ్ కుటుంబానివే. ఈ కుటుంబంలో చాలా చేపలు గుడ్లను, పిల్లలను కాపాడుకుంటాయి. అందుకే కొంత జాగాను తమదిగా చేసుకుని, లోపలికి వచ్చిన ప్రతిదాన్నీ తరుముతాయి. చెరువులోనో సరస్సులోనో అయితే ఓడిన చేప పారిపోతుంది. గాజు తొట్టిలో ఎటు పోతుంది?

లెక్క చూడండి. 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టిలో పట్టేది దాదాపు 56 లీటర్లే. షాపులో రెండు అంగుళాలున్న ఆస్కార్ అడుగు దాకా పెరుగుతుంది. దానికి ఒక్కదానికే ఆ తొట్టి చాలదు. ఫ్లవర్‌హార్న్‌ను అయితే విడిగా పెంచడమే మేలు. ఎన్ని ఉపాయాలు చేసినా దాని పక్కన గప్పీలు బతకవు.

మిగతా సిక్లిడ్‌లను కలిపి పెంచాలనుకుంటే ముందు సాధు చేపలను వదలాలి, దూకుడు చేపను చివర్న వదలాలి. దూకుడుది ముందే తొట్టిలో ఉంటే పని కష్టం. ఎందుకంటే అక్కడి ప్రతి రాయీ, మూలా తనదే అనుకుంటుంది. అలాంటప్పుడు దాన్ని తీసి కొన్ని రోజులు వేరే తొట్టిలో ఉంచాలి. రాళ్లు, కుండ పెంకులు, మొక్కల స్థానాలన్నీ మార్చేయాలి. తర్వాత పాతది, కొత్తది ఒకేసారి వదలాలి. పాత హద్దులు చెరిగిపోతాయి కాబట్టి అన్నీ కొత్తవాళ్ల లెక్కనే ఉంటాయి. ఇంకో పద్ధతి, మధ్యలో చిల్లులున్న ప్లాస్టిక్ పలక అడ్డం పెట్టి వారం రోజులు ఒకదాన్నొకటి చూసుకోనివ్వడం. వదిలేది సాయంత్రం, లైటు ఆర్పి, మేత వేశాకే. కొత్త చేప సైజు పాతవాటికి దగ్గరగా ఉండాలి.

ఒక చేప పైన మూలకు, ఫిల్టర్ వెనక్కి నక్కి మేత తినకుండా ఉంటే దెబ్బలు తింటున్నట్టే. చాలామంది ఆ బలహీనమైన దాన్నే బయటికి తీస్తారు. అప్పుడు కొట్టే చేప ఇంకోదాని మీద పడుతుంది. తీయాల్సింది కొట్టేదాన్నే.

ఇక నీళ్ల సంగతి. నల్లగొండ అంటే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. ఈ ప్రాంతంలో చాలాచోట్ల బోరు నీళ్లు గట్టి నీళ్లు. గట్టి, క్షార నీళ్లు ఆఫ్రికాలోని మలావీ సరస్సు సిక్లిడ్‌లకు బాగా పడతాయి, వాటి సొంత సరస్సు నీళ్లు అలాంటివే. డిస్కస్, నియాన్ టెట్రా లాంటి అమెజాన్ చేపలకు మాత్రం పడవు. నల్లా నీళ్లయితే మిషన్ భగీరథ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, బకెట్లో ఒక రోజు ఆరబెట్టి పోయాలి. నీళ్లు మసకగా ఉన్నాయని పటిక వేయొద్దు. ఫ్లోరైడ్ తగ్గించే నల్లగొండ టెక్నిక్‌లో పటికతో పాటు సున్నం కూడా వేస్తారు. తొట్టిలో ఒట్టి పటిక వేస్తే నీటి క్షారగుణం పడిపోయి చేపలు ఉక్కిరిబిక్కిరవుతాయి.

ఎండాకాలంలో ఎండ 40 డిగ్రీలు దాటితే తొట్టి నీళ్లు కూడా వేడెక్కుతాయి. వేడి నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. కరెంటు పోయి గాలి పంపు ఆగితే ఇంకా కష్టం. అందుకే మే నెలలో కొత్త చేపను తేకపోవడమే మంచిది.

చెరువు నుంచి పిల్లలు కొర్రమీను పిల్లను తెచ్చి తొట్టిలో వేయడం ఇంకో తంటా. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించిన కొర్రమీను వేటాడే జాతి. నోట్లో పట్టే చేపలన్నిటినీ మింగేస్తుంది, మూత లేకుంటే బయటికి దూకేస్తుంది.

అసలు చిక్కు, కొట్టే చేపను వదిలించుకోవాలనుకున్నప్పుడు వస్తుంది. "చెరువులో వదిలేద్దాం, పాపం" అంటారు. అది ఊరి చెరువుకు, చేపలు పట్టి బతికే వాళ్లకు నష్టం. 1952లో మనదేశానికి తెచ్చిన తిలాపియా ఎన్నో జలాశయాల్లో స్థానిక చేపలకు పోటీ అయింది. అద్దం శుభ్రం చేస్తుందని అమ్మే సక్కర్ చేప కూడా తూర్పు కనుమల నీళ్లలోకి పాకింది, దాన్ని హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలోని డీఎన్ఏతో గుర్తిస్తున్నారు. ముళ్ల రెక్కలున్న ఆ చేప వలలను కూడా చింపుతుంది.

కాబట్టి కొనేముందే షాపాయన్ను ఒక మాట అడిగి పెట్టుకోవాలి: "భాయ్, పెద్దయ్యాక వాపస్ తీసుకుంటరా?" తీసుకోనంటే ఆ చేపను కొనకుండా రావొచ్చు.