కంట్రోల్ సర్ఫేసు (ధ్వనిముద్రణ)

ఈ వ్యాసం ధ్వనిముద్రణలో వాడే పరికరం గురించి. విమానపు రెక్కలకు, తోకకు ఉండే కదిలే పలకలను కూడా ఇంగ్లీషులో ఇదే పేరుతో పిలుస్తారు. వాటికీ దీనికీ సంబంధం లేదు.

కంట్రోల్ సర్ఫేసు అనేది కంప్యూటరులోని ధ్వనిముద్రణ సాఫ్టువేరును మౌసుతో కాక నేరుగా చేతివేళ్ళతో నడపడానికి ఉపయోగపడే పరికరం. చూపుకు ఇది మిక్సరులాగే ఉంటుంది. పైకీ కిందికీ జరిపే మీటలు (వీటిని ఫేడర్లు అంటారు), గుండ్రంగా తిప్పే నాబులు, రికార్డు, ప్లే, స్టాప్ వంటి బటన్లు దీనిపై అమర్చి ఉంటాయి. కానీ మిక్సరుకూ దీనికీ ఒక మౌలికమైన తేడా ఉంది. మిక్సరు గుండా శబ్దం ప్రవహిస్తుంది. కంట్రోల్ సర్ఫేసు గుండా శబ్దం ప్రవహించదు, ఆదేశాలు మాత్రమే ప్రవహిస్తాయి. ఆడియో ఇంటర్‌ఫేసును కూడా అదే పెట్టెలో కలిపి తయారుచేసిన నమూనాలు కొన్ని ఉన్నా, వాటిలో సైతం ఆ రెండు పనులూ వేర్వేరే.

ఈ తేడా తెలియకపోవడం వల్ల కొత్తవారు తరచుగా ఒక పొరపాటు చేస్తారు. పాడేవారి గొంతు పెరిగి రికార్డింగు పగులుతున్నప్పుడు కంట్రోల్ సర్ఫేసు మీది ఫేడరును కిందికి దించుతారు. దానివల్ల వినబడే స్థాయి తగ్గుతుందే గాని, ముద్రితమవుతున్న శబ్దం పగులుతూనే ఉంటుంది. ముద్రణ స్థాయిని నిర్ణయించేది మైకు తీగ గుచ్చిన ఆడియో ఇంటర్‌ఫేసు మీది గెయిన్ నాబు. పగిలిన శబ్దాన్ని ఆ తర్వాత ఏ ఫేడరూ బాగుచేయలేదు.

చరిత్ర

తెలుగు సినిమా పాటలు దశాబ్దాల పాటు మద్రాసు స్టూడియోలలో గాయకులు, వాద్యబృందం అంతా ఒకేసారి పాడి వాయిస్తుండగా రికార్డయ్యేవి. ఏ వాద్యం ఎంత వినబడాలో, పల్లవి దగ్గర వయొలిన్లు ఎంత తగ్గాలో పాట సాగుతుండగానే మిక్సరు ముందు కూర్చున్న ఇంజనీరు వేళ్ళు నిర్ణయించేవి. ఎక్కడైనా తప్పితే మళ్ళీ మొదటినుంచి పాడవలసిందే. ఒక్కొక్క వాద్యాన్ని ఒక్కొక్క ట్రాకులో విడిగా ముద్రించే టేపు యంత్రాలు వచ్చాక ఈ నిర్ణయాన్ని తర్వాతికి వాయిదా వేసే వీలు కలిగింది. అయినా చివరి మిశ్రమాన్ని తయారుచేసేటప్పుడు ఫేడర్లను కదపడానికి ఒకరి చేతులు చాలక, ఇద్దరు ముగ్గురు పక్కపక్కన నిలబడి ఎవరికి అప్పగించిన ఫేడర్లను వారు కదిపేవారు. కదలికలను గుర్తుంచుకొని, మోటారు సాయంతో ఫేడర్లను తనంతట తానే జరిపే వ్యవస్థను ఇంగ్లండుకు చెందిన నీవ్ సంస్థ 1970ల చివర నెకామ్ పేరుతో తెచ్చింది. దానిని కొనగలిగినవి పెద్ద స్టూడియోలు మాత్రమే.

1991లో ప్రో టూల్స్ సాఫ్టువేరు నాలుగు ట్రాకులతో మొదలైంది. ఆ దశాబ్దం ముగిసేసరికి మిక్సరు మొత్తం కంప్యూటరు తెర మీదికి ఎక్కింది. ఖర్చు తగ్గింది గాని చేతులు కట్టేసినట్లయింది. మౌసుకు ఉన్న బాణం గుర్తు ఒకటే కనుక ఒకసారికి ఒక ఫేడరునే పట్టుకోగలం. గొంతును పెంచుతూ అదే క్షణంలో తాళాన్ని తగ్గించడం దానితో కుదరని పని. కంట్రోల్ సర్ఫేసు ఈ లోటును తీర్చడానికి పుట్టింది.

అమెరికాకు చెందిన మాకీ సంస్థ 1990ల చివర హెచ్.యు.ఐ. అనే పరికరాన్ని ప్రో టూల్స్ కోసం విడుదల చేసింది. తర్వాత జర్మనీకి చెందిన ఇమాజిక్ సంస్థ వారి లాజిక్ సాఫ్టువేరు కోసం లాజిక్ కంట్రోల్‌ను తయారుచేసింది. 2002లో ఇమాజిక్‌ను ఆపిల్ సంస్థ కొనుగోలు చేసింది. అదే పరికరం ఇతర సాఫ్టువేర్లతోనూ పనిచేసేలా మాకీ కంట్రోల్ పేరుతో బజారులోకి వచ్చింది. ప్రస్తుతం మాకీ కంట్రోల్ అన్నది ఒక పెట్టె పేరు కంటే ఒక భాష పేరుగానే ఎక్కువ వ్యవహారంలో ఉంది. బెరింగర్, ఐకాన్, ప్రిసోనస్ వంటి సంస్థల పరికరాలు ఎన్నో ఆ భాషలోనే మాట్లాడగలవు. క్యూబేస్, లాజిక్, రీపర్, ఆర్డర్ వంటి సాఫ్టువేర్లు దానిని అర్థం చేసుకుంటాయి.

పనిచేసే విధానం

పరికరానికీ కంప్యూటరుకూ మధ్య సంభాషణ సాధారణంగా మిడి సందేశాలతో జరుగుతుంది. 1983లో వెలువడిన ఈ ప్రమాణం మొదట సంగీత వాద్యాలను ఒకదానితో ఒకటి కలపడానికి ఉద్దేశించినది. మామూలు మిడి నియంత్రణ సందేశం 0 నుంచి 127 వరకు విలువలను మాత్రమే పంపగలదు. ఒక మీట మొత్తం నిడివిని 128 మెట్లుగా విభజిస్తే నెమ్మదిగా జరిపినప్పుడు ఆ మెట్లు చెవికి తెలిసే ప్రమాదం ఉంది. అందువల్ల మాకీ కంట్రోల్ పద్ధతిలో ఫేడర్ల కోసం స్వరాన్ని వంచడానికి ఉద్దేశించిన పిచ్ బెండ్ సందేశాన్ని వాడుకున్నారు. దానిలో 16,384 విలువలకు చోటు ఉంటుంది. ఎనిమిది ట్రాకుల ఫేడర్లకు ఎనిమిది మిడి ఛానెళ్ళు, మాస్టరు ఫేడరుకు తొమ్మిదవది కేటాయించారు.

సంభాషణ రెండు వైపులా సాగాలి. వేలు ఫేడరును జరిపితే ఆ సంగతి కంప్యూటరుకు తెలియాలి. తెర మీద ఫేడరు జరిగితే, లేదా వేరే ట్రాకుల వరుసకు మారితే, ఆ సంగతి పరికరానికి తెలిసి మోటారు దాని మీటను సరైన చోటికి తీసుకెళ్ళాలి. ఈ పరికరాలతో వచ్చే చిక్కుల్లో చాలా భాగం ఈ రెండు దారుల్లో ఒకటి మూసుకుపోవడం వల్ల వచ్చేవే.

ఫేడరు మీద వేలు ఉన్నదీ లేనిదీ కూడా పరికరం గుర్తిస్తుంది. మీట పైభాగం విద్యుద్వాహకంగా ఉండి, శరీర స్పర్శను పసిగడుతుంది. పెన్సిలుతో నెడితే మీట జరుగుతుంది గాని స్పర్శ నమోదు కాదు. అప్పుడు మోటారు వెంటనే దాన్ని పాత చోటికి లాగేయవచ్చు. దీన్ని చూసి పరికరం చెడిపోయిందని భ్రమపడటం కద్దు.

అమర్చుకునే విధానం

యూఎస్‌బీ తీగతో పరికరాన్ని కలిపి, సాఫ్టువేరును తెరవడానికి ముందే దానికి విద్యుత్తు ఇవ్వాలి. చాలా సాఫ్టువేర్లు తాము తెరుచుకునే క్షణంలో ఉన్న మిడి పరికరాలనే లెక్కలోకి తీసుకుంటాయి. పలు భాషలు మాట్లాడే పరికరమైతే ముందుగా దానిని మాకీ కంట్రోల్ రీతిలో పెట్టాలి. కొన్నింటిలో ఒక బటను నొక్కిపట్టి స్విచ్చి వేయడం ద్వారా ఈ ఎంపిక జరుగుతుంది.

తర్వాత సాఫ్టువేరు అమరికలలో కంట్రోల్ సర్ఫేసును చేర్చాలి. రీపర్, ఆర్డర్‌లలో ఇది ప్రిఫరెన్సెస్ కింద, క్యూబేస్‌లో స్టూడియో సెటప్ కింద, లాజిక్‌లో కంట్రోల్ సర్ఫేసెస్ అనే మెనూలో ఉంటుంది. ఇక్కడ ఇన్‌పుట్, అవుట్‌పుట్ అని రెండు గడులు కనబడతాయి. రెండింటిలోనూ అదే పరికరం పేరు ఎంచుకోవాలి. ఇన్‌పుట్ ఒక్కటే ఎంచుకుంటే ఫేడరు తెరను కదుపుతుంది గాని తెర ఫేడరును కదపదు, మోటార్లు నిద్రపోతాయి. అవుట్‌పుట్ ఒక్కటే ఎంచుకుంటే దీనికి తలకిందులు.

మరో జాగ్రత్త చాలా కరదీపికలలో కనబడదు. సాఫ్టువేరు తనకు కనబడిన ప్రతి మిడి పరికరాన్నీ కీబోర్డు వంటి వాద్యంగా భావించే అలవాటు ఉంది. ఫేడరు పంపేది పిచ్ బెండ్ సందేశమని పైన చూశాం. కనుక వాద్యపు ట్రాకును రికార్డింగుకు సిద్ధంగా ఉంచి ఫేడరును జరిపితే హార్మోనియం స్వరం గాలిపటంలా ఊగుతుంది! అన్ని మిడి ఇన్‌పుట్‌లు అనే సమూహంలో నుంచి ఈ పరికరాన్ని తొలగించడమే దీనికి మందు.

అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష చాలు. మౌసుతో తెర మీద ఒకటో ట్రాకు ఫేడరును జరపాలి, పరికరం మీది మీట దానంతట అది జరగాలి. ఆ తర్వాత వేలితో మీటను జరపాలి, తెర మీది ఫేడరు వెంట రావాలి.

పరికరం మీద ట్రాకుల పేర్లు చూపే చిన్న తెర ఉంటే తెలుగువారికి ఒక నిరాశ తప్పదు. మాకీ కంట్రోల్ పద్ధతిలో ఒక్కొక్క ట్రాకుకు ఏడు అక్షరాల చోటు మాత్రమే ఉంటుంది, అదీ ఇంగ్లీషు అక్షరాలకే. ట్రాకుకు తెలుగు లిపిలో పేరు పెడితే కంప్యూటరులో చక్కగా కనబడినా ఈ తెర మీద ఖాళీగానో, అర్థం లేని గుర్తులుగానో మిగులుతుంది. పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో కుదించి పెట్టుకోవడం తప్ప ప్రస్తుతానికి ఈ పద్ధతిలో వేరే దారి లేదు.

వాడకం: చెక్కభజన ఉదాహరణ

కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలోని పత్తికొండ, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలతో సహా రాయలసీమ పల్లెల్లో చెక్కభజన ప్రసిద్ధమైన కళ. నడుమ గురువు పాట అందుకుంటే చుట్టూ ఉన్నవారు చెక్కలు వాయిస్తూ, అడుగులు వేస్తూ తిరిగి అందుకుంటారు. చెక్కలకు బిగించిన లోహపు బిళ్ళల మోత పదునైనది. మాటలలోని స, శ, చ వంటి హల్లులు గుర్తుపట్టడానికి ఆధారమైన హెచ్చు పౌనఃపున్యాలలోనే ఆ మోత కూడా ఎక్కువగా ఉంటుంది. ఎదుట కూర్చుని వినేవారు పాడేవారి పెదవులను చూస్తూ, పాట ముందే తెలిసి ఉండి, లోటును పూరించుకుంటారు. రికార్డింగు మాత్రమే వినేవారికి ఆ వీలు లేదు. ఊళ్ళో వృద్ధులకు మాత్రమే తెలిసిన పాటను భద్రపరచాలని పూనుకున్నప్పుడు తాళం నిలిచి మాట పోతే, మిగిలేది పాట కాదు.

ఇలాంటి బృందాన్ని ఎనిమిది ట్రాకులలో ముద్రించారనుకుందాం. గురువు గొంతు ఒకటో ట్రాకు, వంతపాట రెండు, మూడు, చెక్కలు నాలుగు, ఐదు, హార్మోనియం ఆరు, డోలక్ ఏడు, మొత్తం ఆవరణ శబ్దం ఎనిమిది. కంట్రోల్ సర్ఫేసులో సాధారణంగా ఉండే ఎనిమిది ఫేడర్లకు ఇది సరిగ్గా సరిపోతుంది. ట్రాకులు ఇంతకంటే ఎక్కువైతే బ్యాంక్ అనే బటనుతో తర్వాతి ఎనిమిదికి మారాలి. మారగానే మోటారు ఫేడర్లు కొత్త స్థానాలకు గబుక్కున సర్దుకుంటాయి.

మొదట అన్ని ఫేడర్లనూ సగటున నప్పే చోట నిలిపి పాటంతా ఒకసారి వినాలి. తర్వాత గురువు గొంతు, చెక్కలు, ఈ రెండింటి ఫేడర్ల మీద రెండు చేతుల వేళ్ళుంచి, ఆటోమేషన్‌ను టచ్ రీతిలో పెట్టి పాటను మళ్ళీ నడిపించాలి. గురువు చరణం ఎత్తుకునే క్షణానికి కాస్త ముందు చెక్కలను రెండు మూడు డెసిబెళ్ళు దించి, వంతపాట అందుకోగానే వదిలేయాలి. టచ్ రీతిలో వేలు తీయగానే ఫేడరు తన పాత స్థానానికి చేరుతుంది. లాచ్ రీతిలో వదిలిన చోటే నిలిచిపోతుంది. రైట్ రీతి వేలు పెట్టని ఫేడర్ల పాత కదలికలను కూడా తుడిచి రాస్తుంది కనుక కొత్తవారు దాని జోలికి వెళ్ళకపోవడం మేలు. పని పూర్తయ్యాక రీడ్ రీతికి మార్చాలి. అప్పుడు ఫేడర్లు తమంతట తామే లేస్తూ దిగుతూ ఉంటాయి.

కదలికలు అంకెల రూపంలో విడిగా నిలవ ఉంటాయి కనుక అసలు ముద్రణకు ఏ హానీ జరగదు. నచ్చకపోతే ఎన్నిసార్లయినా మార్చవచ్చు. మద్రాసు స్టూడియోల కాలంలో లేని వెసులుబాటు ఇది. పాట తెలియని ఒకరిని పిలిచి, చిన్న ఫోను స్పీకరులో వినిపించి, మాటలు రాయమనడం మంచి పరీక్ష. మిశ్రమం చేసినవారికి పాట అప్పటికే కంఠస్థమై ఉంటుంది కాబట్టి వారి తీర్పు నమ్మదగినది కాదు.

దీనికి హద్దులున్నాయి. అందరూ ఒకే వలయంలో ఆడుతూ పాడేటప్పుడు చెక్కల మోత గురువు మైకులోనూ పడుతుంది, వాటి ఫేడరును పూర్తిగా దించినా అది పోదు. గొరవయ్యల విషయంలో చిక్కు మరింత ఎక్కువ. హొళగుంద మండలంలోని దేవరగట్టు మాళ మల్లేశ్వరస్వామి క్షేత్రంతో అనుబంధమున్న ఈ కళాకారులు నల్లని కంబళి, ఎలుగుబంటి చర్మపు టోపీ ధరించి, డమరుకం వాయిస్తూనే పాడతారు. గొంతు, డమరుకం ఒకే మైకులో పడితే వాటిని ఫేడరుతో విడదీయలేము. అక్కడ కంట్రోల్ సర్ఫేసు కంటే గొంతుకు చేరువగా మరో మైకు పెట్టడమే ముఖ్యం. ఒకే ఫోనుతో తీసిన పాత రికార్డింగులకూ ఇదే వర్తిస్తుంది.

నిర్వహణ

మోటారు ఫేడర్లకు ధూళి శత్రువు. ఆదోని వంటి పత్తి కేంద్రాలలో గాలిలో తేలే నూగు కూడా మీటల చీలికల్లో చేరుతుంది. అప్పుడు మీట ఒకచోట నిలవక వణుకుతుంది. పని లేనప్పుడు గుడ్డ కప్పి ఉంచాలి. మోటార్లున్న పరికరాలలో అనేకం విడిగా అడాప్టరు కోరతాయి. కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉన్నా కంట్రోల్ సర్ఫేసు ఆగిపోతుంది. ముద్రణకు భంగం కలగదు గాని, కరెంటు వచ్చాక కొన్ని సాఫ్టువేర్లలో పరికరాన్ని మళ్ళీ ఎంచుకోవలసి రావచ్చు.

చవకైన మార్గాలు

మోటార్లు లేని చిన్న పరికరాలు చాలా తక్కువ ధరకు దొరుకుతాయి. 2008లో వచ్చిన కోర్గ్ నానోకంట్రోల్ ఈ కోవలోనిది. వీటి మీటలు తెరను అనుసరించవు. తెర మీద ఫేడరు ఒకచోట, చేతికింది మీట మరోచోట ఉన్నప్పుడు మీటను కదపగానే శబ్దం ఒక్కసారిగా ఎగురుతుంది. సాఫ్టువేరులో పికప్ అనే అమరిక ఉంటే దాన్ని ఎంచుకోవాలి. మీట తెర మీది స్థానాన్ని దాటేవరకు ఏ మార్పూ జరగదు. ఒక్క ఫేడరు మాత్రమే ఉండి, దానికి మోటారు ఉన్న పరికరాలు కూడా ఉన్నాయి. ఒంటరిగా గొంతు ఒక్కటే సరిచేసుకునేవారికి ఎనిమిది మోటారు లేని మీటల కంటే ఇదే నయం.

ఓపెన్ సౌండ్ కంట్రోల్ అనే మరో పద్ధతిలో వైఫై ద్వారా స్మార్టుఫోను గానీ టాబ్లెట్ గానీ కంట్రోల్ సర్ఫేసుగా పనిచేస్తుంది. రీపర్, ఆర్డర్ దీనిని అంగీకరిస్తాయి. టాబ్లెట్ మీద ఒకేసారి పలు వేళ్ళతో పలు ఫేడర్లను జరపవచ్చు. అయితే గాజు పలక మీద వేలికి మీట తగలదు కనుక కళ్ళు తెర మీదే ఉంచవలసి వస్తుంది, చెవికి దక్కవలసిన ధ్యాస కొంత కంటికి పోతుంది. పాడేవారి దగ్గరే నిలబడి రికార్డింగును మొదలుపెట్టడానికి, ఆపడానికి మాత్రం ఫోను చక్కగా ఉపయోగపడుతుంది.