సాంఘిక సమస్య యననేమి?

సమస్య యను మాట నేడు ప్రతివారి నోటను వినవచ్చుచున్నది. నలుగురు పెద్దలు చేరిన చావడియందును, శాసనసభయందును, కళాశాలయందును అప్పు ఒక సమస్య, కట్నము ఒక సమస్య, సారాయి ఒక సమస్య యని చెప్పుకొనుచునే యున్నాము. కాని యేది సాంఘిక సమస్య, యేది కాదు అను ప్రశ్న వేసికొనువారు అరుదు. ఈ ప్రశ్న పండితుల కాలక్షేపమునకు పుట్టినది కాదు. తప్పు ఎక్కడ నున్నదని నిర్ణయింతుమో మందు నక్కడనే వేయుదుము. నిర్ణయము తప్పినచో రోగి యొకడు, పథ్యము చేయువాడు మఱియొకడు నగును. కావున సమాజశాస్త్రము ఈ ప్రశ్నకు చెప్పు సమాధానమును పాఠక మహాశయుల యెదుట నుంచుట యుక్తమని మేము తలంచితిమి.

మొదట నొక భేదమును గుర్తింపవలెను. మనుష్యుని కష్టములన్నియు సాంఘిక సమస్యలు కావు. అమెరికా దేశపు సమాజశాస్త్రజ్ఞుడు సి. రైట్ మిల్స్ 1959లో ప్రకటించిన గ్రంథమున ఈ భేదమును నిరుద్యోగముతో తేటపఱచెను. లక్షమంది గల పట్టణమున ఒక్కనికి పని లేకున్న వాని గుణమును, నేర్పును, ప్రయత్నమును విచారింపవచ్చును. అది వాని సొంత ఇక్కట్టు. 5 కోట్ల మంది పనివారు గల దేశమున కోటిన్నర మందికి పని లేనిచో ఒక్కొక్కని గుణము విచారించిన లాభము లేదు. పని కలిగించు వ్యవస్థయే కూలినదని గ్రహింపవలెను. అది ప్రజా సమస్య. ఒక చెట్టు ఎండిన చెట్టును పరీక్షింపుడు. తోట యంతయు ఎండిన కాలువను పరీక్షింపుడు. ఈ శాస్త్రమున కిదియే తొలి పాఠము.

అయినను సంఖ్య యొక్కటియే చాలదు. వేలమంది బాధపడుచున్నను, దానిని సంఘము తప్పని తలంపనంతవఱకు అది ఆచారముగనే చెల్లుబాటగుచుండును. రిచర్డ్ ఫుల్లర్, రిచర్డ్ మైయర్స్ అను ఇరువురు పండితులు 1941లో ఈ సంగతిని వివరించిరి. కన్నులకు గానవచ్చు స్థితి యొకటి. అది మన విలువలకు విరుద్ధమను ఎఱుక మఱియొకటి. ఈ రెండును కలిసినప్పుడే సాంఘిక సమస్య పుట్టును.

దీనికి నిదర్శనము మన యింటనే కలదు. కన్యాశుల్కము కొన్ని తరములు ఈ దేశమున నిరాటంకముగ సాగినది. దానిని పాపమని తెలిసినవారును లోకాచారమని యూరకుండిరి. విజయనగర మహారాజు కోరికపై విశాఖపట్టణ మండలమున సామాన్య బ్రాహ్మణ కుటుంబములలో మూడు సంవత్సరములలో జరిగిన శుల్క వివాహముల పట్టికను తయారు చేసిరి. ఆ పట్టికలోని వివాహములు 1,034 అనియు, పెండ్లికూతుండ్రలో ఐదేండ్ల వారు 99 మంది, నాలుగేండ్ల వారు 44 మంది, మూడేండ్ల వారు 36 మంది, రెండేండ్ల వారు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు ననియు గురజాడ అప్పారావుగారు 1897లో తమ నాటకపు పీఠికయందు ప్రకటించిరి. ఆ నాటకమును చూచి నవ్వినవా రనేకులు. ఆ లెక్కను చదివి నవ్వగలవాడు లేడు. పట్టిక వ్రాయక పూర్వమును ఆ పసిబిడ్డలు ఉండిరి. కాని పట్టిక వ్రాసిన పిమ్మట వారు ఒక్కొక్క గృహస్థుని గుట్టుగ నుండక సంఘమున కంతకును సిగ్గయిరి. సమాజశాస్త్రమను పేరు మన పాఠశాలల కెక్కక మునుపే ఆ శాస్త్రపు పని యొకటి మన తెలుగునాట జరిగినది.

అయినచో బాధయు, లెక్కయు ఉన్నంత మాత్రమున సమస్య తనంతట తాను అంగీకృత మగునా? కాదని హెర్బర్ట్ బ్లూమర్ 1971లో వాదించెను. సమస్య తలయెత్తుట, గౌరవముగల వాదముగ పదిమంది ఒప్పుకొనుట, జనులు కదలుట, ప్రభుత్వము ఒక ప్రణాళిక సిద్ధము చేయుట, ఆ ప్రణాళిక అమలులో రూపు మారుట అని యాతడు ఐదు దశలు చెప్పెను. ఏ దశయందైనను అది ఆగిపోవచ్చును. అనేక బాధలు మొదటి మెట్టెక్కకయే అణగిపోవుచున్నవి.

నెల్లూరు మండలపు సారాయి ఉద్యమము ఈ ఐదు దశలను అద్దములో వలె చూపుచున్నది. సారాయి ప్రభుత్వమునకు రాబడి, పాటదారునకు వ్యాపారము, నీతివాదులకు త్రాగుబోతు యొక్క దుర్గుణము. కూలిడబ్బు ఇంటికి రాక, పిల్లలకు కూడు లేక, దెబ్బలు తినిన ఇల్లాలికి అది ఏమో యడిగినవారు లేరు. అక్షరాస్యతా ఉద్యమమున రాత్రిబడికి వచ్చిన స్త్రీలు, సారాయిని తఱిమిన ఆడువారి కథను పాఠముగ చదివి, తమ బ్రతుకును గూర్చి తామే మాటలాడుకొనిరి. 1992లో దూబగుంట మొదలుగ గ్రామ గ్రామమున వారు సారాయి దుకాణములను మూయించిరి. జిల్లా కేంద్రమున సారాయి పాటలను సాగనీయరైరి. ఒక్కొక్క ఇంటి యేడుపుగ నున్నది ఊరి వాదమైనది. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు మండలమునను, అదే సంవత్సరము అక్టోబరులో రాష్ట్రమంతటను సారాయి నిషిద్ధమైనది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది. 1997లో అది సడలింపబడినది. బ్లూమర్ చెప్పిన కడపటి దశ యిదియే. రాబడి కావలసినవారి నిర్వచనము మఱల గెలిచినది. సారాయికి అర్థ మేమో చెప్పు అధికార మెవరిదను పోరాటమే ఆ ఉద్యమమంతయు నని మా యభిప్రాయము.

ఇక ఈ శాస్త్రము సమస్యలను పరీక్షించు విధమును చెప్పుదుము. ఫ్రాన్సు దేశపు ఎమిల్ దుర్ఖేమ్ 1897లో ఆత్మహత్యను గూర్చి ఒక గ్రంథము వెలువరించెను. మనుష్యుని చర్యలలో దీనికంటె సొంతమైనది వేఱొకటి లేదని తోచును. కాని ఆతడు ఐరోపా దేశముల లెక్కలను ప్రక్కప్రక్కన పెట్టి చూడగా, ప్రతి దేశమునను ఈ మరణముల పాలు ఏటేట ఇంచుమించు ఒకటిగనే యుండెను. కాథలిక్కులలో కంటె ప్రొటెస్టంటులలో హెచ్చు; పెండ్లియాడిన పురుషులలో కంటె ఏకాకులలో హెచ్చు; యుద్ధకాలమున తక్కువ. మనుష్యుని సంఘముతో బిగించి యుంచు ముడి సడలిన కొలది వాని ప్రాణమునకు ముప్పు హెచ్చునని ఆతడు నిర్ణయించెను. పోలిక చూచుట, భేదము కనుగొనుట, ఆ భేదమునకు సంఘమునందు హేతువు వెదకుట: ఇదియే పరిశోధన మార్గము.

కాని లెక్కను కన్నుమూసి నమ్మరాదని తరువాతి పండితులు హెచ్చరించిరి. లెక్క వ్రాయువాడు ఏ గడిలో ఎవ్వనిని వ్రాయునో దానినిబట్టి సత్యము మారును. ఈ హెచ్చరిక మన పాఠకులను నేరుగ తాకునట్టిది. మన దేశమున 1995 మొదలు జాతీయ నేర నమోదు సంస్థ సేద్యగాండ్ర ఆత్మహత్యలను ప్రత్యేకముగ లెక్కించుచు వచ్చినది. 2014లో రైతులను, వ్యవసాయ కూలీలను వేర్వేఱు గడులలో వ్రాయసాగిరి. గడి మారగనే రైతుల సంఖ్య తగ్గినట్లు కనబడినది. బాధ తగ్గినదో, పేరు మాత్రమే మారినదో లెక్క స్వయముగ చెప్పజాలదు.

ఇంతకును రైతు ఎవ్వడు? పాసుపుస్తకమున పేరుగలవాడా, నాగలి పట్టినవాడా? కౌలుదారు నోటిమాటపై భూమి తీసికొనును. కాగితము లేదు కావున బ్యాంకు అప్పీయదు; వడ్డివ్యాపారి ఇచ్చును. పంట పోయిన పరిహారము పట్టాదారునకు పోవును. అప్పు కౌలుదారునకు మిగులును. 2011లో నాటి ఆంధ్రప్రదేశ్‌లో కౌలుదారులకు ఋణ అర్హత కార్డు లిచ్చు చట్టము వచ్చినది. 2019లో ఆంధ్రప్రదేశ్‌న వచ్చిన మఱియొక చట్టము పదునొకండు మాసముల ఒప్పందమున భూస్వామి సమ్మతిని కోరినది. తెలంగాణమున 2018లో రైతుబంధు ప్రారంభమైనప్పుడు సొమ్ము పట్టాదారులకే ముట్టినది. ఇట్టి కౌలుదారు ప్రాణము తీసికొన్నచో ఊరివారు ఏమందురు? త్రాగుడన్నవా రొకరు, కుటుంబ కలహమన్నవా రొకరు, పిఱికితనమన్నవా రొకరు. ఎండిన కాలువను విడిచి ఎండిన చెట్టును దూషించుట యిదియే కాదా?

ఈ ఒక్క దృష్టాంతమును పండితులు మూడు విధముల చూతురు. సంఘము శరీరము వంటిదను వారు, ఉమ్మడి కుటుంబము, కులపెద్దల సాయము వంటి పాత ఆధారములు పోయి, క్రొత్త ఆధారములు అమరలేదందురు. సంఘము స్వప్రయోజనముల సంఘర్షణ మను వారు, ఈ ఏర్పాటువలన ఎవరికి లాభమని యడుగుదురు. మాటలును గుర్తులును సంఘమును నిలుపునను వారు, అప్పుపడినవాని మోమున ఊరు చూపు అవమాన మెట్టిదని విచారింతురు. ఈ మూడును ఒకదాని కొకటి శత్రువులు కావు. కట్టు, లాభము, పరువు అను మూడింటిని విచారింపని విచారణ అసంపూర్ణ మనుట మా మతము.

ఇట్లు చెప్పిన వ్యక్తి బాధ్యత యేమగునని కొందఱు శంకింతురు. త్రాగినవానికి త్రాగుడులో తప్పు లేదా, అప్పు చేసినవానికి వివేక మక్కఱలేదా యందురు. ఉన్నది, తప్పక ఉన్నది. కాని గుంటగల బాటపై పదిమంది పడినప్పుడు ఒక్కొక్కని నడకను దిద్దుట ఒక పని, గుంటను పూడ్చుట మఱియొక పని. మొదటిది చేసినంత మాత్రమున రెండవదానినుండి పంచాయతీ తప్పించుకొనరాదు.

ఇది పరదేశపు విద్య, మనకేల యనువారికి దాదాభాయి నౌరోజీని స్మరింప జేయుదుము. ఇండియా ప్రజల దారిద్ర్యము వారి సోమరితనపు ఫలమని పాలకులు చెప్పుచున్న దినములలో, 1876లో, ఆయన పంటలను వస్తువులను లెక్కించి, తలకు సాలున సగటు రాబడి 20 రూపాయలని తేల్చెను. చెఱసాలలో ఖైదీ తిండిబట్టలకు ప్రభుత్వము చేయు వ్యయముతో దానిని పోల్చి చూపెను. 1901లో ఆయన గ్రంథము వెలువడునప్పటికి, జనుల దుర్గుణముగ నుండిన దారిద్ర్యము ప్రభుత్వపు దోషముగ మారినది. జాతీయోద్యమమునకు ఆ లెక్క ఆయుధమైనది. పరుల పాలనయం దున్నపుడు మన దైన్యమునకు కారణము మన గుణమే యను మాటను మనము సహింపలేదు. నేడు మన పొలము దున్నువానిని గూర్చి అదే మాటను మనము పలుకుట న్యాయమా?

కావున పాఠకులను మేము కోరునది స్వల్పము. మీ గ్రామమున ఒక దుఃఖము సంభవించినపుడు తీర్పు చెప్పుటకు ముందు మూడు ప్రశ్నలు వేయుడు: ఇట్టివా రెందఱు? దీనిని సమస్య కాదనువా రెవ్వరు, వారి కందులో లాభ మేమి? లెక్కలో చేరని వారెవ్వరు? మూడవ ప్రశ్నకు జవాబు మీ భూమిని కౌలుకు చేయువాడే యైనచో, అతని చేతికి సంతకముగల కాగిత మొకటి యిండు. గడిలో అతని పేరు చేరును. సాంఘిక సమస్యను గూర్చిన ఉపన్యాసములు పది వినుటకంటె ఆ సంతకము మేలు.