ఉద్యానమున ధూమశకటము

బొమ్మలకొలువు తీర్చిన చేతులకు మేమిప్పుడు చెప్పబోవు విషయము క్రొత్తగా తోపదు. మెట్టుమీద ఇసుక పోసి, ఆవాలు చల్లి పైరు మొలిపించి, అద్దపుముక్కను చెరువుగా నమర్చి, దాని యొడ్డున జానెడు గుడిని నిలిపినవారు మనలో నెందఱో కలరు. ఆంగ్లదేశమున కొందఱు గృహస్థులు తమ తోటలలో చిన్న ఇనుపదారులు వేసికొని, నిజమైన ఆవిరితో నడచు చిన్న ధూమశకటములను త్రిప్పుచుందురు. అట్టి దారులను కంప్యూటరు తెరపై మరల నిర్మించి నడుపుట నేటి వినోదములలో నొకటి. దీనిని పిల్లల యాటయని త్రోసివేయుటకు ముందు సోదరీమణులు దాని పనితీరును కొంచెము పరికింపవలెనని మా కోరిక.

మనుష్యులు కూర్చుండి ప్రయాణము చేయదగిన చిన్నదారులు వేఱు, కేవలము చూచి యానందించు తోటదారులు వేఱు. మొదటి తెగకు మూలపురుషుడు సర్ ఆర్థర్ హేవుడ్. ఈయన 1874లో డెర్బీషైరు మండలములోని డఫీల్డున తన యింటి కొండవాలుపై, పట్టాల నడుమ పదునైదంగుళముల యెడముగల దారిని వేయనారంభించెను. పెద్ద భూస్వాముల యెస్టేటులలోను, సైన్యములలోను బరువులు చేరవేయుటకు ఇంత సన్నని దారి చాలునని నిరూపించుటయే ఆయన పట్టుదల, వినోదము కాదు. ఐనను ఆ దారిపై భోజనపు పెట్టెయు, పడక పెట్టెయు గూడ నుండెడివట! వానిని చూచి ఆ యింటి యిల్లాలు నవ్వెనో, విసుగుకొనెనో! సైన్యమువారు దానిని చేపట్టలేదు. వెస్టుమినిస్టరు డ్యూకు మాత్రము 1896లో తన ఈటన్ హాలు భవనమునకు అట్టి దారిని వేయించుకొనెను. 1916లో హేవుడ్ మరణించిన పిమ్మట డఫీల్డు దారి ఊడదీయబడినది. అందలి ‘మ్యూరియెల్’ అను ఇంజను చట్రముమీదనే 1927లో రేవన్‌గ్లాస్ దారివారు ‘రివర్ ఇర్ట్’ అను ఇంజనును కట్టుకొనిరి.

ఆ సంవత్సరమే జూలై 16వ తేదీన కెంటు మండలమున రామ్నీ, హైత్, డిమ్‌చర్చి దారి తెరువబడినది. దానిని సంకల్పించిన యిరువురిలో కౌంటు జ్బరావ్‌స్కీ 1924లో మాన్జాలో కారుపందెమున మరణింపగా, కాప్టన్ హోవీ పనిని కొనసాగించెను. 1928లో డంజెనెస్ వరకు సాగి, ఆ దారి పదుమూడున్నర మైళ్లయినది. ఇంజనులు పెద్ద ఇంజనులలో మూడవవంతు. డ్రైవరు ముందుగదిలో ఇముడలేక వెనుకనున్న బొగ్గుబండిలో కూర్చుండును. తెరపై దీనిని కట్టువారికి చిక్కు ఇచటనే వచ్చును. ఇంజను ఎంత చక్కగా చెక్కినను, ప్రక్కన మనిషిని నిలుపనిచో చూచువారు దానిని పెద్దబండి యనియే భ్రమపడుదురు. డ్రైవరు తల ఇంజను కప్పును దాటి కనబడినప్పుడే కొలత తెలియును. కొలువులో ఏనుగు ప్రక్కన మావటిని పెట్టుట ఇందుకే గదా!

అసలైన తోటదారి కథ మఱింత వింతగానుండును. 1968లో జర్మనీయందు నూరెంబర్గులో లేమన్ సంస్థవారు ఎల్.జి.బి. అను పేర 45 మిల్లీమీటర్ల దారిని ప్రవేశపెట్టిరి. ఒకప్పుడు మనము ప్రయాణము చేసిన మీటరుగేజిని ఇరువదిరెండున్నర వంతులు తగ్గించిన నది యగును. ఇక రైలు సిమ్యులేటరులలో ట్రెయిన్జ్ అనునది 2001లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేనునుండి వెలువడినది. అందు నేలను 720 మీటర్ల చదరపు పలకలుగా పఱచి, మొదట పదేసి మీటర్ల గళ్లుగా విభజించిరి. ముప్పది మీటర్ల పొడవు, ఇరువది మీటర్ల వెడల్పుగల తోటను అందు ఉన్నదున్నట్లు దించినచో ఆఱు గళ్లే వచ్చును! అంత పెద్ద గళ్లతో జానెడు గట్టు నెట్లు తీర్చగలరు? గట్టులను, గుంటలను వేఱుగా బొమ్మలుచేసి పెట్టవలసినదే.

మఱియొక యుపాయము కలదు. మాకిదియే మిక్కిలి నచ్చినది. తోటనంతయు ఇరువదిరెండున్నర రెట్లు పెంచుట! అప్పుడు ముప్పది మీటర్లు 675 మీటర్లై ఒక్క పలకలో చక్కగా నిముడును. దారి మీటరుగేజి యగుటచే దానికై యిదివఱకు చేసియుంచిన ఇంజనులే సరిపోవును. కాని నాలుగంగుళముల గడ్డి ఏడున్నర అడుగుల యెత్తు పెరుగును; మూడంగుళముల గులాబి మనిషియంత యగును; ఆఱంగుళముల మెట్టు పదునొకండడుగుల గోడయై నిలుచును. గంటకు రెండుమైళ్లు నడచు బొమ్మబండి నలుబదియైదు మైళ్లు పరుగెత్తవలెను. ఆఱువందల మిల్లీమీటర్ల వ్యాసార్ధముగల వంపు పదుమూడున్నర మీటర్లకే తిరుగుటచే, పొడవైన పెట్టెల మూలలు దారి దాటి వెలికి పొడుచుకొనివచ్చును. వాలు మాత్రము మాఱదు; తోటలో ముప్పదింట నొకటియైన తెరపైనను అంతియే. ఆ గులాబీల నీడలో బండి పోవుచుండగా చూచినచో, చీమకు మన పెరడెట్లుండునో తెలియునని మాకు తోచినది.

ఈ శ్రమ యెందుకనగా, తోటదారికి ఆయువు తక్కువ. యజమానుడు పోయినను, ఇల్లు చేతులు మాఱినను పట్టాలు పీకివేయుదురు. డఫీల్డునకే అట్టి గతి పట్టినది. హేవుడ్ తన పద్ధతిని 1881లోనే గ్రంథముగా వ్రాసియుంచుటచే ఆయన యిచ్చిన కొలతలైనను నిలిచినవి. సామాన్య గృహస్థు గ్రంథము వ్రాయునా? కావున, దారి యుండగనే కొలువవలెను. టేపుతో వంపుల దూరములను, ఎత్తుపల్లములను గుఱించుకొని, అడుగు గుర్తులుపెట్టిన కఱ్ఱను ప్రక్కన నిలిపి ఫోటోలు తీయవలెను. పిమ్మట ఆ కఱ్ఱయే సాక్ష్యము చెప్పును. ఏ ఋతువున ఏ మొక్క పూయునో, ఏ గోడనీడ సాయంకాలము దారిపై పడునో, ఈ సంగతులు పురుషుల లెక్కలలో తఱచుగా జాఱిపోవును. ఇంటి యాడువారి కవి కంఠస్థములు. ఇంజను కూతను, వంతెనపై చక్రముల సడిని ఫోనులో పట్టి యుంచుటయు ముఖ్యమే. ఇంజను మారు ఇంజను తెచ్చుకొనవచ్చును. ఆ వంతెన సడికి మారు లేదు. గాలిలేని వేకువజామున ఆ పని చేసికొన్న మేలు. మధ్యాహ్నమైనచో కూతకంటె కాకుల గోల హెచ్చుగా వినవచ్చును.