గల్ఫ్‌లో పెరిగే మన పిల్లలకు తెలుగు: ఇంటికి తిరిగి వెళ్ళక ముందే మొదలుపెట్టండి

గల్ఫ్‌లో ఎన్నేళ్ళు పనిచేసినా వీసా ఉన్నన్నాళ్ళే మన ఉనికి. కంపెనీ పని తీసేసినా, కాంట్రాక్టు అయిపోయినా కుటుంబమంతా సామాను సర్దుకోవాల్సిందే. పెద్దవాళ్ళం ఎట్లనో తట్టుకుంటాం. తెలుగు చదవడం రాని పిల్లలకే అసలు కష్టం.

బడిలో ఏం జరుగుతుంది?

యూఏఈలో ప్రైవేటు స్కూళ్ళల్లో ఒకటి నుంచి తొమ్మిదో క్లాసు దాకా అరబిక్ తప్పనిసరి. ఇంగ్లిష్, హిందీ ఎలాగూ ఉంటాయి. ఇక తెలుగుకు చోటు దొరకడం కష్టం. అటు తెలంగాణలో 2018లో చేసిన చట్టం ప్రకారం పదో తరగతి వరకు తెలుగు తప్పనిసరి సబ్జెక్టు. సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ బడులకూ ఇది వర్తిస్తుంది. ఏడో క్లాసులో తిరిగొచ్చిన పిల్లవాడు అ ఆల దగ్గర మొదలుపెట్టాలంటే ఎంత ఇబ్బందో ఆలోచించండి. తెలుగు ఇంట్లో భాష కాని పిల్లల కోసం 'వెన్నెల' అనే సులువైన వాచకం ఉంది. చేర్పించేటప్పుడు మీ పిల్లలకు ఏ పుస్తకం పెడతారో బడిలో అడగండి.

ఇంట్లో ఏం చేయొచ్చు?

మీరు తెలుగులో అడిగితే పిల్లలు ఇంగ్లిష్‌లో జవాబిస్తున్నారా? వాళ్ళకు భాష రాదని అనుకోకండి. విని అర్థం చేసుకుంటున్నారంటే సగం వచ్చినట్టే. తప్పు మాట్లాడితే నవ్వకండి, నవ్వితే నోరు మూసుకుంటారు. సరైన మాట మీరే మళ్ళీ అనండి, చాలు.

రోజుకు పావుగంట కేటాయించండి. ముందు అక్షరాలు, తర్వాత గుణింతాలు, ఆఖరున ఒత్తులు. సరుకుల చీటీ పిల్లలతో తెలుగులో రాయించండి. నానమ్మకో అమ్మమ్మకో నాలుగు లైన్లు రాయించి, ఫొటో తీసి వాట్సాప్‌లో పంపండి. మీరు క్యాంపులో, పిల్లలు ఊళ్ళో ఇంగ్లిష్ మీడియంలో ఉన్నా ఈ పద్ధతి పనికొస్తుంది. డబ్బులు ముట్టాయా అని అడిగే ఫోన్‌లోనే ఆ రోజు తెలుగు పాఠం కూడా చదివించుకుని వినండి.

నలుగురు కలిసి నేర్పాలంటే

సెలవు రోజు పిల్లలను ఒకచోట కూర్చోబెట్టాలని ఉంటే, అనుమతి ఉన్న భారతీయ సంఘం ద్వారానే చేయండి. యూఏఈలో అనుమతి లేకుండా చందాలు వసూలు చేయడం నేరం. మంచి పనికే కదా అంటే చట్టం ఒప్పుకోదు. ఫీజు తీసుకుని పాఠాలు చెప్పడానికీ పర్మిట్ కావాలి.

ఇది కొత్త సంగతేం కాదు. 1860లో మద్రాసు నుంచి మొదటి ఓడ డర్బన్ చేరింది. అప్పటి నుంచి చెరకు తోటలకు కాంట్రాక్టు కూలీలుగా వెళ్ళిన వాళ్ళల్లో మనవాళ్ళూ ఉన్నారు. దక్షిణాఫ్రికాలో 1931లో, మారిషస్‌లో 1946లో ఆంధ్ర మహాసభలు పెట్టుకున్నారు. మారిషస్ బడుల్లో ఇవాళ్టికీ తెలుగు చెబుతున్నారు.

వాళ్ళల్లో చాలామంది తిరిగి రాలేదు. మన పిల్లలు తిరిగి రావాల్సిన వాళ్ళు. టికెట్ కొనే రోజు దాకా ఆగకుండా ఈ వారమే పలక పట్టించండి.