పన్ను కట్టినంత మాత్రాన జూదం ధర్మసమ్మతమవుతుందా?

'జనం ఎలాగూ ఆడుతూనే ఉన్నారు. చాటుగా సాగేదాన్ని బహిరంగం చేసి పన్ను వేస్తే ఖజానాకు నాలుగు రాళ్ళయినా వస్తాయి.' జూదానికి చట్టబద్ధత కోరేవారి ప్రధాన వాదన ఇదే. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం కుటుంబాల కళ్ళతో దీన్ని ఒకసారి తూచి చూద్దాం.

ముందు చట్టం సంగతి. 1968లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కక్షిదారుగా ఉన్న కేసులో, రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నాటి నుంచి 'నైపుణ్యం' అనే మాటే జూద వ్యాపారానికి కవచమైంది. 1974 నాటి గేమింగ్ చట్టాన్ని మన రాష్ట్రం 2020లో సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. కాని హిందూపురం పొలిమేర దాటితే కర్ణాటక. ఆ రాష్ట్రం 2021లో తెచ్చిన నిషేధంలోని కీలక నిబంధనలను 2022 ఫిబ్రవరిలో అక్కడి హైకోర్టు కొట్టివేసింది. ఇక్కడ నేరమైనది కొన్ని మైళ్ళ అవతల వ్యాపారమైంది.

2023 అక్టోబరు నుంచి ఆన్‌లైన్ పందేల పూర్తి మొత్తంపై 28 శాతం జీఎస్టీ విధించారు. పన్నులో వాటా ఉన్నవారు ఆటగాళ్ళు తగ్గాలని మనస్ఫూర్తిగా కోరుకోగలరా? ఎట్టకేలకు 2025 ఆగస్టులో పార్లమెంటు, నైపుణ్యమా అదృష్టమా అన్న భేదం లేకుండా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. 45 కోట్ల మంది బాధితులయ్యారనీ, 20,000 కోట్ల రూపాయలకు పైగా నష్టపోయారనీ కేంద్రం అంచనా. కంపెనీలు ఆ చట్టాన్ని కోర్టులో సవాలు చేశాయి.

చట్టం వచ్చింది కదా అని నిశ్చింతగా ఉండగలమా? మన ప్రాంతపు చరిత్రే జవాబు చెబుతుంది. 1994లో హిందూపురం నుంచి గెలిచి ముఖ్యమంత్రి అయిన ఎన్.టి. రామారావు 1995 జనవరిలో మద్యనిషేధం అమలు చేశారు. దూబగుంట మహిళలు రగిల్చిన సారా వ్యతిరేక ఉద్యమం దానికి పునాది. 1997లో, ఆయన అనంతరం వచ్చిన ప్రభుత్వం, ఖజానా లోటును చూపి ఆ నిషేధాన్ని సడలించింది. స్త్రీల కన్నీటితో పుట్టిన చట్టం రాబడి లెక్కల ముందు నిలవలేకపోయింది.

మద్యాన్నీ జూదాన్నీ దివ్యఖుర్ఆన్ ఒకేచోట ప్రస్తావించింది. వాటిలో ప్రజలకు కొంత ప్రయోజనం ఉందన్న మాటను బఖరా సూరా 219వ ఆయత్ దాచలేదు. అయితే ప్రయోజనం కంటే పాపమే పెద్దదని తేల్చిచెప్పింది. మాయిదా సూరా 90, 91 ఆయత్‌లు వాటిని పూర్తిగా విడనాడమన్నాయి. అవి మనుషుల మధ్య వైరం రేపుతాయనీ, దైవస్మరణ నుంచి, నమాజు నుంచి మరలిస్తాయనీ హెచ్చరించాయి. 'రాబడి వస్తుంది కదా' అనే వాదనకు సమాధానం ఇదే.

ఖజానా పద్దులో పన్ను కనబడుతుంది. ధర్మవరంలో రోజుల తరబడి మగ్గం మీద శ్రమించి తెచ్చిన కూలి ఒక్క రాత్రిలో మాయమైతే అది ఏ పద్దులోనూ కనబడదు. పెనుకొండ కార్ల కర్మాగారంలో చెమటోడ్చే కుర్రవాడు పందెం బాకీ తీర్చడానికి తల్లి నగలు తాకట్టు పెడితే, ఆ వడ్డీ కూడా కనబడదు. ఒక హరామ్ మరో హరామ్‌కు దారితీయడమంటే ఇదే.

కనుక మూడు పనులు మన చేతుల్లో ఉన్నాయి. ఇంట్లో బిడ్డ అప్పులపాలైతే మొదట దూషించక, లెక్క అడిగి, దారి చూపాలి; సిగ్గుతో దాచిన అప్పే ప్రాణాల మీదికి తెస్తుంది. మసీదు కమిటీలు జుమా ప్రసంగంలో ఈ విషయం చెప్పడంతో ఆగక, బైతుల్‌మాల్ నుంచి వడ్డీలేని రుణంతో ఆ కుటుంబాన్ని నిలబెట్టాలి. ఓటు కోసం గుమ్మంలోకి వచ్చిన ప్రతి అభ్యర్థినీ, ఏ పార్టీవారైనా సరే, 'జూదపు రాబడి లేకుండా పాలించగలరా?' అని అడగాలి. ఈ ప్రశ్న ముస్లింలది మాత్రమే కాదు. దూబగుంట తల్లులు ఏ మతం వారని ఎవరూ అడగలేదు.